ఎక్స్ఛేంజి మామ్మగారూ, నా స్పీకర్లో చిటపటా

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దావిడ ఫోటో వచ్చింది. కింద పేరు, ఆ పేరు కింద కాకినాడలో కూతురింట్లో నిద్రలోనే కాలం చేశారని ఒక వాక్యం. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. కాసేపటికి రెండో అంతస్తు ఆయన ఒకరు, "ఎవరండీ, ఏ ఫ్లాటు?" అని అడిగారు. సెక్రటరీగారు జవాబు పెట్టారు: "మన ఎక్స్ఛేంజి మామ్మగారండీ."

అంతే, బొమ్మలు ఆగిపోయి మాటలు మొదలయ్యాయి. మా ఫ్యాను బేరింగు పోతుందని ఆవిడ వారం ముందే చెప్పారండీ అని ఒకరు. మా లిఫ్టు తలుపు కీచుమంటే తాళ్ళు కాదు, కింద పట్టాలో ఇసుక ఉందని చెప్పింది ఆవిడేనండీ అని ఇంకొకరు. మా పాప ఏడుపు విని, ఆకలి కాదమ్మా, చెవిపోటు అన్నారండీ అని మూడో అంతస్తు అమ్మాయి. సాయంత్రానికి నూట పది మెసేజులు.

ఆవిడ పేరు నేనూ ఆ రోజే మొదటిసారి చదివాను. నాలుగేళ్ళు ఒకే మెట్లెక్కి దిగాం, ఎన్ని మధ్యాహ్నాలు మా ఇంట్లో కూర్చున్నారో లెక్కలేదు, అయినా ఎప్పుడూ అడగలేదు. ఆ పేరుతో నాకు పరిచయం లేదు కాబట్టి ఇక్కడ కూడా రాయను. నాకు తెలిసింది ఎక్స్ఛేంజి మామ్మగారే.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. మొదటి ఉద్యోగం నరసాపురంలో, చివర మా రాజమండ్రిలో. జుట్టు ముడేసుకుని ఆ ముడిలో పెన్సిల్ గుచ్చుకునేవారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ పెన్సిల్ తియ్యలేదు. గుడికెళ్ళినా ఉండేది, పెళ్ళికెళ్తే పువ్వుల పక్కన ఉండేది. ఫోను మోగితే "హలో" అనరు, "చెప్పండి" అంటారు. మాట్లాడ్డం అయ్యాక తనంతట తను పెట్టెయ్యరు, అవతలివాళ్ళు పెట్టేదాకా చెవి దగ్గరే ఉంచుకుంటారు. ఎదటివాళ్ళూ మర్యాదకి ఆగితే ఇద్దరూ అలా నిశ్శబ్దంగా ఉండిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఎవరింటికొచ్చినా బెల్లు కొట్టరు, తలుపు తడతారు. ఏంటండీ అంటే, "మీ బెల్లు నాకు నచ్చలేదమ్మా, దాని గొంతు పూడుకుపోయింది" అనేవారు. మెయిన్ రోడ్డులో మిఠాయి కొట్లో చెగోడీలు కొనేటప్పుడు ఒకటి తీసుకుని కుడి చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. టప్పుమంటే కొనడం, లేకపోతే తిరిగి పళ్ళెంలో పెట్టేసి, "నిన్నటివి" అనడం. కొట్టువాడు మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత తర్వాత ఆవిడ వస్తుంటే దూరం నుంచే చూసి, "ఇప్పుడే దింపామండి, విరవక్కర్లేదండి" అనేవాడు. అయినా విరిచేవారు.

మనిషిగా ఇంతవరకే తెలిసుంటే నేనూ గ్రూపులో ఒక మెసేజు పెట్టి ఊరుకునేదాన్ని. కానీ ఆవిడ నాకొక ఉపకారం చేశారు. అది చెప్పాలంటే ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి.

నేను ఇంట్లో కూర్చుని శబ్దాలు శుభ్రం చేస్తాను. హైదరాబాదులో పిల్లల కథలు ఆడియోగా చేసే చిన్న సంస్థ ఒకటుంది. వాళ్ళు కథలు చదివించి రికార్డు చేసి పంపిస్తారు. అందులో దగ్గులూ, కాగితాల చప్పుళ్ళూ, ఊపిరి శబ్దాలూ తీసేసి, వెనకాల వానో కాకో పడవో అవసరమైతే కలిపి తిరిగి పంపడం నా పని. దానికోసం మా వెనక గదిలో రెండు స్టూడియో స్పీకర్లు పెట్టుకున్నాను. మామూలు స్పీకర్లలా కాదు, వీటి లోపలే ఆంప్లిఫయర్ ఉంటుంది, ఒక్కోదానికి విడిగా కరెంటు ప్లగ్గు ఉంటుంది. వీటి గొప్పతనం ఏంటంటే ఉన్నది ఉన్నట్టు వినిపిస్తాయి. అందుకే వాటిమీద నాకు నమ్మకం.

ఒక వానాకాలంలో ఆ నమ్మకం పోయింది. కథ వింటూంటే మధ్యమధ్యలో సన్నగా గరగరమని ఒక శబ్దం. కాసేపు వస్తుంది, పోతుంది. మొదట రికార్డింగులోనే ఉందనుకుని దాన్ని తీసెయ్యడానికి ఫిల్టర్లు వేశాను. పోలేదు. ఇంకా గట్టివి వేశాను. మూడు కథలు అలాగే పంపాను. మూడూ వెనక్కొచ్చాయి. "ఏమైందండీ మీకు, గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది" అని ఫోను చేశారు అక్కడి మేనేజరు. అసలు రికార్డింగులో ఏ గరగరా లేదట. లేని శబ్దాన్ని తీస్తూ తీస్తూ నేను ఉన్న గొంతు తీసేశాను. ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుందని ఆ మేనేజరు మెల్లిగానే అన్నారు, కానీ అన్నారు.

మా ఆయన కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. ఆదివారం ఆయన్ని స్పీకర్ల ముందు కూర్చోబెట్టాను. గంటసేపు విన్నారు.

"నాకేం వినబడట్లేదే" అన్నారు.

"సరిగ్గా వినండి."

"సరిగ్గానే వింటున్నా. బ్రహ్మాండంగా ఉంది."

నాకూ ఆ గంటలో వినబడలేదు. అదే నన్ను భయపెట్టింది. సోమవారం ఆయన వెళ్ళాక మళ్ళీ వచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నీ ఉన్నప్పుడే వినబడే శబ్దం అంటే ఏమనుకోవాలి? చెవుల డాక్టరు దగ్గరికెళ్ళాను. గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, అంతా బానే ఉంది, పై స్థాయి శబ్దాల దగ్గర మాత్రం కొంచెం తగ్గింది, వయసుకి మామూలే అన్నారాయన. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ "కొంచెం" అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాను. చెవులు పోతే నేను చేసే పని ఇంకేం లేదు. వచ్చిన పని ఇదొక్కటే.

స్పీకర్లని వదల్లేదు లెండి. వీడియోలు చూసి వైర్లు మార్చాను, వెనకున్న వాల్యూం నాబుకి దుమ్ము పోయే స్ప్రే కొట్టాను, ఫోను పక్క గదిలో పెట్టాను, కంప్యూటర్లో సెట్టింగులన్నీ మార్చాను. అన్నీ ఒకే రోజు. ఏదీ పనిచెయ్యలేదు.

ఆ మరుసటి వారం బుధవారం పొద్దున పదిన్నరకి తలుపు చప్పుడైంది. మామ్మగారు. మా గిన్నె ఒకటి వాళ్ళింట్లో ఉండిపోతే అందులో ఇన్ని చెగోడీలు పోసి తెచ్చారు. అప్పటికి మా ఇద్దరికీ మెట్ల మీద పలకరింపులే. వెనక గదిలో పని ఆపి వస్తానంటే, "నీ పని చూడనీ అమ్మా, ఎప్పుడూ చూళ్ళేదు" అని నా వెనకే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కథ నడుస్తోంది. ఒక కుందేలు పిల్ల అమ్మని వెతుక్కుంటోంది. ఆవిడ నవ్వుతూ వింటున్నారు. ఉన్నట్టుండి చెయ్యెత్తి చూపుడు వేలు నిలబెట్టారు.

"ఆపు."

కథ ఆపాను. శబ్దం ఆగలేదు.

"అదేంటమ్మా?"

"ఏదండీ?" అన్నాను.

"అదిగో, చిటపట."

"మీకూ వినబడుతోందాండీ?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. నేను ఏడుస్తున్నానని నాకు ఆవిడ చూశాకే తెలిసింది. ఏంటి, ఎందుకు అని అడగలేదు. ముడిలోంచి పెన్సిల్ తీశారు.

"పుస్తకం ఉందా? రూళ్ళది."

మా ఆయన ఆఫీసు డైరీ ఒకటి ఖాళీది ఇచ్చాను. మొదటి పేజీలో తేదీ, వారం, గంట వేసి, ఏ స్పీకర్లోంచో నన్నడిగి, పక్కన "చిటపట. ఎడమ బాక్సు" అని రాశారు. గోదావరి జిల్లాల బడిపంతులు రాతలా గుండ్రంగా ఉంది ఆ రాత.

"నేను గరగర అనుకుంటున్నానండీ" అన్నాను.

"గరగర కాదు. గరగరంటే దుమ్ము. అది తిప్పితే వస్తుంది, తిప్పడం ఆపితే పోతుంది. బుయ్‌మంటే ఎర్తు సరిగ్గా లేనట్టు. ఇది చిటపట. చిటపటంటే ఎక్కడో ఏదో అంటీ అంటనట్టు ఉంది. వానాకాలంలో మా లైన్ల మీద ఎన్ని విన్నాను. పేరు సరిగ్గా పెడితే సగం దొరికినట్టే."

ఇప్పటిదాకా నేనేం చేశానో అడిగారు. చెప్పాను. వింటూ వింటూ ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"అన్నీ ఒక్కరోజే మార్చేశావా? ఒకవేళ బాగయ్యుంటే ఏది మారిస్తే బాగయిందో నీకెలా తెలిసేది?"

నేను ఆ వైర్ల కట్ట వైపు చూశాను.

"రోజుకొకటి" అన్నారు. "ఒకటి మార్చు, విను, రాయి. తొందరపడకు. రేపు పదింటికొస్తాను."

ఆ పూటకి ఒక్కటే మార్చాం. కుడి బాక్సుకెళ్ళే శబ్దం వైరు ఎడమకి, ఎడమది కుడికి. చిటపట ఎడమ బాక్సులోనే ఉంది. అంటే వైరూ కాదు, దాని వెనకున్న కంప్యూటరూ కాదు. ఆవిడ అదంతా నాకు విడమరిచి చెప్పి, పుస్తకంలో "వైరు నిర్దోషి" అని రాశారు. ఆ ముక్క చూసి ఎన్నో రోజుల తర్వాత నవ్వాను.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను, కింద మామ్మగారికి కూడా వినబడిందని. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయి, "అయితే నీ చెవులకేం కాలేదన్నమాట" అన్నారు. నాకన్నా ఆయనే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నారు.

గురువారం ఆవిడ పదింటికి కళ్ళజోడు, చెగోడీల డబ్బా తెచ్చుకుని కూర్చున్నారు. ఒంటిగంట దాకా చిన్న చప్పుడైనా లేదు. నేను నొచ్చుకుంటూ, "మీ పొద్దంతా పాడు చేశానండీ" అన్నాను. "పాడేంటి, రాలేదన్నది కూడా రాసుకోవాలి" అని రాసుకున్నారు. శుక్రవారం వచ్చింది. ఈసారి ఎడమ బాక్సుకి శబ్దం వైరు పూర్తిగా పీకేశాం. కరెంటు ఒక్కటే ఉంది. అయినా చిటపట. శనివారం రాలేదు. ఆదివారం మా ఆయన కూడా కూర్చున్నారు, రాలేదు. ఆయన మొహమాటంగా నా వైపు చూశారు. మామ్మగారు అది గమనించి, "దానికి మీరంటే భయం కాబోలు బాబూ" అన్నారు.

సోమవారం మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఆవిడ ఎంచిన మార్పు పెద్దది. బాక్సుల్నే అటుదిటు మార్చాలి, కరెంటు ప్లగ్గులతో సహా. ఒక్కోటి పది కేజీలుంటుంది. నేను మొయ్యబోతే, "నడుము జాగ్రత్తమ్మా, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకో" అంటూ ఆవిడ ముందు నడిచి తువ్వాళ్ళు పరిచారు. ఎడమ బాక్సు కుడికి, కుడి బాక్సు ఎడమకి. రెండూ ఆన్ చేసి చెరో కుర్చీలో కూర్చున్నాం. రెండు నిమిషాలు. మూడు. అప్పుడొచ్చింది. ఇన్నాళ్ళూ నోరెత్తని ఆ మంచి బాక్సులోంచి, ఎడమ మూల నుంచి.

మామ్మగారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ నడుముకి పెట్టుకున్నారు. అంత సంతోషం ఆ మొహంలో మళ్ళీ ఒకట్రెండు సార్లే చూశాను.

"బాక్సులు రెండూ బంగారాలు. ఆ చోటుది తప్పు."

చోటంటే ఆ మూల గోడకున్న సాకెట్టు. కుడి బాక్సు, కంప్యూటరు ఇటు గోడ సాకెట్టు మీద నడుస్తాయి, ఎడమ బాక్సు ఒక్కటే ఆ మూల సాకెట్టుది. కానీ సాకెట్టులో లోపముంటే రోజూ రావాలి కదా? ఆవిడ పుస్తకం తిరగేశారు. పెన్సిల్‌తో ఒక్కో వారం మీద కొట్టుకుంటూ పైకే చదివారు.

"బుధవారం వచ్చింది. గురువారం లేదు. శుక్రవారం వచ్చింది. శనాదివారాలు లేదు. ఇవాళ సోమవారం, వచ్చింది." కళ్ళజోడు మీంచి నన్ను చూశారు. "సోమ, బుధ, శుక్ర. ఇదేంటమ్మా, నీ స్పీకరు వారాలు చేస్తోందా?"

నవ్వబోయి ఆగిపోయాను. సోమ, బుధ, శుక్రవారాలు మా ఇంట్లో బట్టలుతికే రోజులు. మా ఆయన వెళ్ళి, వంట అయ్యాక పదింటికి మెషిన్ వేసి, బాల్కనీ తలుపు మూసేసి పనిలో కూర్చుంటాను. ఆ వెనక బాల్కనీ సరిగ్గా ఆ మూల గోడకి అవతల.

"మామ్మగారూ, వాషింగ్ మెషిన్" అన్నాను.

"నడు."

నేను బాల్కనీలో మెషిన్ స్విచ్చు దగ్గర, ఆవిడ గదిలో బాక్సు దగ్గర. మధ్యలో రెండు తలుపులు. "ఆపు" అని కేక వినబడగానే ఆపేదాన్ని. "వెయ్యి" అనగానే వేసేదాన్ని. ఆరుసార్లు. ఆపితే చప్పుడు లేదు, వేసి మెషిన్ నీళ్ళు వేడి చెయ్యడం మొదలెట్టగానే చిటపట. ఆరోసారి "ఆపు" అన్న గొంతు వేరుగా ఉంది. నవ్వు లేదు అందులో.

నేను వచ్చేసరికి ఆవిడ వంగి ఆ సాకెట్టు మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నారు.

"వేడిగా ఉంది. ఇంటి మెయిన్ ఎక్కడుంది? ముందది ఆపు, తర్వాత మాట్లాడుకుందాం."

మధ్యాహ్నానికి ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. స్పీకర్లో చప్పుడొస్తోందని సాకెట్టు విప్పమంటారేంటని అతను నవ్వుకుంటూనే స్క్రూలు తీశాడు. పలక ఊడి వచ్చాక నవ్వు ఆపేశాడు. లోపల ఒక వైరు బిగింపు వదులైపోయి, పై తొడుగు గోధుమరంగుకి మాడి, పక్కనున్న ప్లాస్టిక్ కరిగి చిన్న బొట్టులా కారి గడ్డకట్టింది. బాల్కనీలో మెషిన్‌కెళ్ళే కరెంటంతా ఈ సాకెట్టు దాటే వెళ్తోందని చూపించాడు. మెషిన్ గట్టిగా లాగినప్పుడల్లా ఆ వదులు దగ్గర చిన్నచిన్న నిప్పురవ్వలు. ఆ రవ్వల చప్పుడే ఆ ప్లగ్గుకున్న స్పీకర్లో నాకు వినబడుతోంది.

"అమ్మగారూ, ఇంకో నెల గనక ఇలాగే ఉండుంటే..." అన్నాడు.

మామ్మగారు పూర్తి చెయ్యనివ్వలేదు. "ఉండలేదుగా. మాడిన ముక్క కోసేసి కొత్త వైరు వెయ్యి బాబూ. స్క్రూ గట్టిగా బిగించు. బిగించాక లాగి చూడు."

ఆ గోడకి ఆనించే నా కాగితాలు, కర్టెన్లు. నేను నా చెవుల గురించి ఏడుస్తూ కూర్చున్న రోజులన్నీ ఆ చెవులు నాకు సరైన మాటే చెప్తున్నాయి.

పని అయ్యాక ముగ్గురం గదిలో నిలబడ్డాం. మెషిన్ తిరుగుతోంది, బాక్సులు ఆన్‌లో ఉన్నాయి. పావుగంటసేపు ఏమీ వినబడలేదు. ఏమీ వినబడకపోవడాన్ని ముగ్గురు మనుషులు అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఎలక్ట్రీషియన్ వెళ్ళేముందు, "స్పీకరు పట్టుకుని సాకెట్టు దొరకబుచ్చుకోవడం నేనెక్కడా చూళ్ళేదండి" అని ఆవిడకి దణ్ణం పెట్టాడు.

సాయంత్రం మా ఆయన ఆ మాడిన వైరు ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత చొక్కా మార్చుకోకుండానే కిందకెళ్ళారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. మర్నాడు మామ్మగారే చెప్పారు: "మీ ఆయన నిన్న వచ్చి, నేను తన మాట నమ్మలేదండీ అని బాధపడ్డాడమ్మా. మీరున్నప్పుడు బట్టలుతకరు కాబట్టి మీకు వినబడలేదు, అందులో మీ తప్పేముంది బాబూ అని కాఫీ ఇచ్చాను." ఆ వారం నుంచి మా ఇంట్లో ఆదివారం కూడా బట్టలుతుకుతున్నారు. ఉతికేది ఆయనే.

వెనక్కొచ్చిన మూడు కథలూ మొదటినుంచీ చేశాను. గొంతుల మీద వేసిన దుప్పట్లన్నీ తీసేశాను. అవి పంపేముందు ఆవిడకి వినిపించాలనిపించి పిలిచాను. రెండు బాక్సులకీ సరిగ్గా మధ్యలో కుర్చీ వేసి, "ఇక్కడ కూర్చుంటే కాకి ఎడమ నుంచి కుడికి ఎగిరినట్టు వినబడుతుందండీ" అన్నాను. కాకి ఎగిరింది. ఆవిడ కళ్ళు అటూ ఇటూ కదల్లేదు. ఇంకోసారి వేశాను.

"నాకు కాకి ఒక్కచోటే కూర్చుని అరిచినట్టుందమ్మా" అన్నారు. "ఎడమ చెవి పనిచెయ్యదు నాకు. సర్వీసులో ఉండగానే పోయింది."

ముప్పై ఏళ్ళు హెడ్‌సెట్టు పెట్టుకున్న చెవి అది. మెల్లిమెల్లిగా తగ్గిందట. ఆఫీసులో తెలిస్తే కాల్స్ కలిపే బోర్డు మీంచి తీసి బిల్లుల కౌంటర్లో వేస్తారని ఎవరికీ చెప్పలేదట. హెడ్‌సెట్టు కుడివైపుకి మార్చేసుకుని, అడిగినవాళ్ళకి ఎడమవైపు జుట్టు ఊడుతోందని చెప్పారట.

"భయం వెయ్యలేదాండీ?"

"ఎందుకెయ్యదు? మూడు నెలలు నిద్రపోలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రతి చప్పుడూ నిజమా కాదా అని అనుమానమే." పెన్సిల్ ముడిలో సర్దుకుని అన్నారు, "ఆ రోజు నువ్వు 'మీకూ వినబడుతోందా' అన్నావు చూడు. ఆ మాట అడగడానికి నాకు అప్పుడు మనిషి లేదమ్మా."

నేను లేచి ఎడమ బాక్సు తీసి కుడి బాక్సు పక్కన పెట్టాను. రెండూ ఆవిడ కుడి చెవి వైపుకి తిప్పి కథ మొదటినుంచీ వేశాను. అంత తప్పుగా స్పీకర్లు పెట్టడం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. అయ్యాక, "కుందేలుకి అమ్మ దొరికినప్పుడు ఆ చదివినావిడ కూడా నవ్వింది, విన్నావా? ఆ నవ్వు తీసెయ్యకు" అన్నారు. పెదాలు విడే చిన్న చప్పుడది. అంతకుముందు నేను తీసేసినవాటిలో అదీ ఒకటి. ఉంచేశాను. మేనేజరు ఫోను చేసి మూడూ బావున్నాయని, ఆ నవ్వు ఇంకా బావుందని చెప్పి, కొత్త కథ పంపారు.

ఆ తర్వాత మూడేళ్ళలో ఆవిడ వినకుండా నేను ఒక్క కథ కూడా పంపలేదు. తప్పులు పట్టేవారు, పొగిడేవారు, ఒక్కోసారి వింటూ వింటూ నిద్రపోయేవారు. నిద్రపోతే ఆ కథ బాగా వచ్చినట్టని మా ఇద్దరి లెక్క. మోకాళ్ళ నొప్పులెక్కువై మెట్లు కష్టమయ్యాక కూతురు వచ్చి కాకినాడ తీసుకెళ్ళింది. అక్కడ్నుంచి ఫోను చేసి, "చెప్పండి" అనేవారు. ఫోను చేసింది తనే అయినా.

ఆవిడ కాకినాడ వెళ్ళడానికి ముందు చలికాలంలో మేమిద్దరం ఒకసారి నరసాపురం వెళ్ళాం. ఒక కథకి నా దగ్గర రేవు చప్పుడు లేదు. కంప్యూటర్లో దొరికేవి ఏ సముద్రాలవో. "మా నరసాపురం రేవుండగా ఎవరిదో నీళ్ళెందుకమ్మా" అని ఆవిడే బయల్దేరదీశారు. పొద్దున రైలుబండెక్కి దిగి, ఆటోలో రేవుకెళ్ళాం. అవతలి గట్టుకి వెళ్ళే పెద్ద పడవ, పంటు, నిండుతోంది. మోటారు సైకిళ్ళు, చేపల తట్టలు, లేసు అల్లికల మూటతో ఇద్దరాడవాళ్ళు, గంపలో ఒక కోడి, కాలేజీ పిల్లలు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మేమూ ఎక్కాక నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడకి హెడ్‌ఫోను పెట్టాను.

కాసేపు విని తల అడ్డంగా ఊపారు. "నీళ్ళు వినబడట్లేదు. మనుషులే వినబడుతున్నారు."

"పోనీలెండి, మనుషుల్నే తీసుకుందాం."

ఆవిడ అప్పటికే రెయిలింగు పట్టుకుని ఇంజను దగ్గరికి వెళ్తున్నారు. పంటు నడిపే అతనితో ఏదో చెప్పారు. "టైమైపోయిందండి, తీసెయ్యాలండి" అంటున్నాడతను. ఆవిడ అతన్ని వదిలేసి జనం వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. కానీ అది నాకు తెలిసిన మామ్మగారి గొంతు కాదు. సన్నగా, నిటారుగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు, కాదనడానికి వీల్లేనట్టు ఉంది.

"అందరూ ఒక్క నిమిషం లైనులో ఉండండి."

పంటు మొత్తం ఆగిపోయింది. పెద్దవాళ్ళు కొందరు ఆ గొంతు గుర్తుపట్టినట్టు తలలెత్తి చూశారు. పిల్లలు ఎందుకో తెలియకుండానే నోళ్ళు మూసుకున్నారు. ఒకాయన ఫోను మోగబోతే జేబు మీదే నొక్కేశాడు. ఇంజను అతను తాళం చెవి మీద చెయ్యేసి అలాగే ఉన్నాడు. చెక్కల కింద నీళ్ళు తపతపమని తగలడం మొదలెట్టాయి, మొదలెట్టడమేంటి, ఎప్పట్నుంచో తగులుతున్నాయి, ఇప్పుడు వినబడ్డాయి. గంపలో కోడి ఒకసారి కొక్కొరొక్కోమనబోయి మానేసింది. ఎవరివో గాజులు. గాలి.

ఆవిడ వాచీ చూసుకుంటున్నారు. సరిగ్గా నిమిషానికి తలెత్తారు. పాత రోజుల్లో ట్రంకు కాలు కలిపాక ఆపరేటరు రెండు ఊళ్ళకీ చెప్పి తప్పుకునే ఆ ఒక్క మాట, అదే గొంతుతో అన్నారు.

"మాట్లాడండి."

ఇంజను బుడబుడమంది, కోడి కూసింది, పంటులో ఉన్న వందమందీ ఒక్కసారి మాట్లాడ్డం మొదలెట్టారు.

ఆ నిమిషం, ఆ మాట, ఆ తర్వాతి గోల అన్నీ ఆ కథలో ఉన్నాయి. మేనేజరు ఒక్క ప్రశ్న అడిగారు, ఆ గొంతిచ్చిన ఆర్టిస్టు ఎవరని.

"మా ఎక్స్ఛేంజి మామ్మగారండీ" అన్నాను.